కస్టమ్ బారెల్‌కి ఏ రైఫ్లింగ్? నాలుగు గాడులు, 5ఆర్, మూడు గాడులు

అమెరికాలో 6.5 క్రీడ్‌మూర్, .308 లాంటి కార్ట్రిజ్‌ల (తూటాల) రైఫిల్‌కి కొత్త బారెల్ చేయించుకునేవాళ్లను ఆర్డర్ ఫారంలో బాగా తికమకపెట్టేది రైఫ్లింగ్ అన్న గడి. బుల్లెట్ గిరగిరా తిరిగేలా బారెల్ లోపల మెలికగా వేసే గాడులే రైఫ్లింగ్, గాడుల మధ్య మిగిలే గట్లు ల్యాండ్లు. బార్ట్‌లీన్, క్రీగర్, బ్రక్స్, లిల్యా, హార్ట్... ఏ తయారీదారు దగ్గర తీసుకున్నా బ్లాంక్ (గాడులు వేసి, తూటా కూర్చునే చాంబర్ ఇంకా తీయని బారెల్) ధరలో పెద్ద తేడా ఉండదు. కాబట్టి చూడాల్సింది ధర కాదు, లోపల గాడులు ఎలా వేశారు, ఎన్ని వేశారు అన్నది.

క్రీగర్, బార్ట్‌లీన్, బ్రక్స్‌లది కట్ రైఫ్లింగ్. ఒకే పన్ను ఉన్న కట్టర్‌ని బారెల్ రంధ్రం (బోర్) లోంచి లాగుతారు. ఒక్కో లాగుడుకు అంగుళంలో పదివేలో వంతు లోహం ఊడివస్తుంది. .308లో గాడి లోతు 0.004 అంగుళం. అంటే ఒక్కో గాడికి పదుల సార్లు లాగాలి, అందుకే నెలల తరబడి నిరీక్షణ. లిల్యా, హార్ట్‌లది బటన్ పద్ధతి. కార్బైడ్ బటన్ ఒక్కసారి వెళ్తే పని అయిపోతుంది. అది లోహాన్ని తీయదు, నొక్కి పక్కకు జరుపుతుంది. దాంతో స్టీల్‌లో ఒత్తిడి మిగులుతుంది, వేడిచేసి దాన్ని పోగొట్టాలి. అది సరిగా పోకపోతే బయట లేత్ మీద సన్నగా తీసినచోట బోర్ వదులవుతుంది. సన్నగా ఉండేది మూతి దగ్గర, బిగువు కావాల్సిందీ అక్కడే. కాబట్టి బటన్ బారెల్ కొంటే కాంటూర్ (బయటి ఆకారం), ఫ్లూటింగ్ (బరువు తగ్గించే బయటి గాడులు) తయారీదారు చేతే చేయించండి. తర్వాత ఊళ్లో గన్‌స్మిత్ చేత ఫ్లూట్లు వేయించడమంటే కోరి తలనొప్పి తెచ్చుకోవడమే. కట్ బారెల్ ఈ విషయంలో ఓర్చుకుంటుంది.

ఇక ఆకారం. మామూలు నాలుగు గాడుల బారెల్‌లో ల్యాండ్‌కి ఎదురుగా ల్యాండే ఉంటుంది, బుల్లెట్‌ని రెండు వైపులా ఎదురెదురుగా నొక్కుతుంది. అంచులు నిటారుగా ఉంటాయి, ఆ మూలల్లో బుల్లెట్ తొడుగు రాగి, మసి పేరుకుంటాయి. అమెరికా బారెల్ తయారీదారు బూట్స్ ఓబర్మేయర్ ప్రచారంలోకి తెచ్చిన ఐదు గాడుల 5ఆర్‌లో ల్యాండ్‌కి ఎదురుగా గాడి వస్తుంది, ల్యాండ్ పక్కలు వాలుగా ఉంటాయి. అమెరికా సైన్యపు స్నైపర్ రైఫిల్ ఎం24కి రెమింగ్టన్ వేసింది ఈ తరహానే. బ్రష్ మూలల దాకా అందుతుంది, శుభ్రం చేయడం తొందరగా తెములుతుంది. అసలు లాభం ఇదే. గురి పెరుగుతుందని మాత్రం ఆశపడకండి. ఒకే తయారీదారు నాలుగు గాడుల బారెల్‌నీ 5ఆర్‌నీ టార్గెట్ కాగితం చూసి ఎవరూ వేరు చేయలేరు. వేగం పెరుగుతుందన్న ప్రచారమూ అంతే. ఒకే రకం బారెళ్లు రెండింటి మధ్యే సెకనుకు 20–30 అడుగుల తేడా మామూలు.

మూడు గాడుల బారెల్‌కి లిల్యాది పెద్ద పేరు. ల్యాండ్లు వెడల్పు కాబట్టి గొంతు (గాడులు మొదలయ్యే చోటు) దగ్గర వేడికి అరగడం కొంత నెమ్మదిస్తుంది. 6.5 పీఆర్‌సీ, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటి ఘాటు కార్ట్రిజ్‌లకి ఇది తెలివైన ఎంపిక. .308కి అనవసరం, దాని గొంతు ఎలాగూ వేల రౌండ్లు ఆగుతుంది.

గాడుల సంఖ్య బేసి అయితే ఒక చిక్కుంది. సీసం ముద్దను బోర్‌లోంచి దూర్చి మామూలు మైక్రోమీటర్‌తో కొలిస్తే ఒక దవడ గాడి ముద్ర మీద, ఇంకోటి ల్యాండ్ ముద్ర మీద పడుతుంది, కొలత తక్కువ వస్తుంది. దాన్ని చూసి బోర్ బిగువుగా ఉందని గొడవపడేవాళ్లు ఉన్నారు. వీ ఆకారపు దవడల మైక్రోమీటర్ కావాలి.

పాలిగోనల్ (పదునైన మూలలు లేకుండా గుండ్రటి అంచులతో ఉండే రైఫ్లింగ్) జోలికి రైఫిల్ కోసం వెళ్లక్కర్లేదు. గుండ్రటి అంచుల ఆలోచన కొత్తదీ కాదు. 1888 నాటి .303 లీ-మెట్‌ఫర్డ్‌లో మెట్‌ఫర్డ్ గాడులు ఇలాగే లోతు తక్కువగా, గుండ్రంగా ఉండేవి. కార్డైట్ మందుగుండు వేడికి అవి అరిగిపోయాయి. 1895లో బ్రిటిష్ ప్రభుత్వ ఎన్‌ఫీల్డ్ కార్ఖానా లోతైన ఐదు గాడులకు మారింది. మన ఇషాపూర్ కార్ఖానాలో తయారైన .303లు ఆ వంశమే.

రైఫ్లింగ్ మీద పెట్టే ఆలోచనలో సగం ట్విస్ట్ (గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది) మీద పెడితే మేలు. 6.5 క్రీడ్‌మూర్‌లో 140–147 గ్రెయిన్ బుల్లెట్‌కి 8 అంగుళాలకొక చుట్టు, .308లో 168–175కి 10 లేదా 11, .223లో 77కి 8 లేదా 7. మూతి వైపు చుట్టు బిగుసుకుంటూ పోయే గెయిన్ ట్విస్ట్ కట్ పద్ధతిలోనే దొరుకుతుంది.

బ్లాంక్ చేతికి రాగానే బోర్‌స్కోప్ (లోపల చూసే సన్నటి పరికరం) పెట్టండి. ల్యాండ్ల నెత్తిన అడ్డంగా సన్నటి ఉంగరాల్లాంటి రీమర్ (బోర్‌ని కొలతకు తెచ్చే పనిముట్టు) గీతలు కనిపిస్తే ల్యాపింగ్ (లోపల రాపిడి పొడితో నునుపు చేయడం) చాలలేదని అర్థం. బుల్లెట్ వాటిని అడ్డంగా రాసుకుంటూ పోతుంది, రాగి అక్కడే పట్టుకుంటుంది. నిలువు గీతలకి భయపడక్కర్లేదు. తర్వాత బిగువుగా ప్యాచ్ చుట్టిన రాడ్‌ని నెమ్మదిగా తోయండి. మధ్యలో ఒక్కసారిగా వదులైతే వెనక్కి పంపండి. మూతి వైపు కొద్దిగా బిగుసుకుంటే సంతోషించండి. ల్యాపింగ్ వల్ల కొసలు కాస్త విచ్చుకుంటాయి కాబట్టి రెండు వైపులా కనీసం అంగుళం కోసి పారేయాలి. 24 అంగుళాల బారెల్ కావాలంటే 26కి తగ్గని బ్లాంక్ తెప్పించండి.

ఇండియాలో చదువుతున్నవాళ్లకి: 1959 ఆయుధాల చట్టం కింద బారెల్ లాంటి విడిభాగాలూ ఆయుధాలే, లైసెన్సు లేకుండా తెప్పించడం నేరం. హైదరాబాద్ రేంజుల్లో 50 మీటర్ల .22 కాల్చేవాళ్లకి పైన చెప్పిన రాగి గొడవ వర్తించదు, బుల్లెట్ సీసం, పైన మైనం పూత. అక్కడ ట్విస్ట్ 16 అంగుళాలకొకటి. గాడుల సంఖ్య కన్నా చాంబర్ ముందు గట్టిపడే మసి ఉంగరం మీద కన్నేయాలి. గ్రూపులు (టార్గెట్ మీద పడే రంధ్రాల గుంపులు) ఉన్నట్టుండి విచ్చుకుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.