చీమలకు స్ప్రేనా, ఎరా? ఏది మేలు?

విజయనగరంలో మాది మూడు వాటాల పాత ఇల్లు. గోడలు ఒకటే, కరెంటు పైపులు ఒకటే, చీమలూ ఒకటే. పోయినేడు పలాస జీడిపప్పు డబ్బాలో మొదట కనబడ్డాయి. రెండు మిల్లీమీటర్లుంటాయేమో, లేత పసుపు రంగు, వెనక భాగం మాత్రం కాస్త నలుపు. కుట్టి మంట పుట్టించే ఎర్రచీమలు వేరు, ఇవి వేరు. వీటిని ఫారో చీమలంటారు. ఫారోలంటే పాతకాలపు ఈజిప్టు రాజులు. ఈజిప్టును పీడించాయని బైబిల్ చెప్పే తెగుళ్ళలో ఇవీ ఉన్నాయన్న పొరపాటు నమ్మకం వల్ల ఆ పేరొచ్చిందట. 1758 నుంచీ శాస్త్ర గ్రంథాల్లో అదే పేరు.

టొరంటోలో మా తమ్ముడి ఫ్లాట్‌లోనూ ఇవే. బయట మంచులో ఒక్కటీ బతకదు కాబట్టి హీటర్ ఉన్న భవనాల్లోనే, వేడినీళ్ళ గొట్టాల వెంట కాపురం పెడతాయి. మనకా టెన్షన్ లేదు. మే నెలలో ఊరంతా హీటరే.

అందరూ ముందు చేసే పనే నేనూ చేశాను. స్ప్రే కొట్టాను. ఐదు నిమిషాల్లో గట్టు మీద శవాల గుట్ట. అమ్మ ఎంత సంతోషించిందో! పది రోజులకు వంటింట్లో ఒక్క బారు ఉన్నచోట మూడు బార్లు తేలాయి. స్విచ్‌బోర్డులో ఒకటి, ఫ్రిజ్ వెనక ఒకటి, బీరువాలో మడతపెట్టిన చీరల మధ్య ఇంకొకటి.

దీని కిటుకు తర్వాత తెలిసింది. మనకు కనిపించేవి తిండికి బయల్దేరినవి మాత్రమే, పుట్టలో కొద్ది వంతు. అసలు సంసారం గోడ లోపల ఉంటుంది. చాలా చీమల జాతుల్లో రాణులు రెక్కలతో ఎగిరి వెళ్ళి కొత్త పుట్ట పెడతాయి. వీటికి ఆ పెళ్ళి ఊరేగింపు లేదు, జతకట్టడం పుట్టలోనే. ఒక పుట్టలో పదుల్లో, ఒక్కోసారి వందల్లో రాణులుంటాయి. మందు ఘాటు తగిలితే కొన్ని చీమలు గుడ్లనూ పిల్లల్నూ నోట కరుచుకుని వేరే సందులోకి పోయి అక్కడ వేరు కాపురం పెడతాయి. రాణి వెంట లేకపోయినా ఉన్న పిల్లల్లోంచే కొత్త రాణుల్ని పెంచుకోగలవు. అంటే డబ్బులిచ్చి నేనే వాటికి వాటాలు పంచానన్నమాట.

చీమల సుద్ద గీసినా, పసుపు చల్లినా అడ్డం పెట్టడమే తప్ప పుట్ట తగ్గదు. పంచదార డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టే మన పాత పద్ధతి వీటికంటే నయం. డబ్బా వరకూ ఢోకా లేదు.

ఎర సంగతి వేరు. ఇది చంపడానికి తొందరపడదు. చీమ తాగిన తీపిని పుట్టకు మోసుకెళ్ళి రాణులకూ పిల్లలకూ నోటినుంచి నోటికి పంచుతుంది, దాంతోపాటే విషమూ చేరుతుంది. నేను వంద మిల్లీలీటర్ల నీళ్ళలో పది గ్రాముల పంచదార, ఒక్క గ్రాము బోరిక్ పౌడర్ కలిపాను. మెడికల్ షాపులో దొరుకుతుంది, క్యారమ్స్ బోర్డు మీద చల్లడానికి వాడేదీ ఎక్కువగా ఇదే. పొడి ఎక్కువ వేస్తే తొందరగా పోతాయనుకోకండి. చీమ ముట్టదు, ముట్టినా పుట్ట చేరకముందే చస్తుంది. దూదిని అందులో ముంచి మూతల్లో పెట్టాలి. పిల్లలకూ పిల్లులకూ అందనిచోట పెట్టాలి, అది విషమే.

మొదటి రోజు దూది చుట్టూ వందలాది చీమలు చేరాయి. అమ్మ చూసి, "ఏట్రా, ఈటికి భోజనాలు పెడతన్నావేటి?" అంది. ఆ వారం ఓర్చుకోవడమే కష్టం. బారును తడిగుడ్డతో తుడవకూడదు, స్ప్రే అసలు ముట్టకూడదు. పది రోజులయ్యాక తీపి వైపు రావడం మానేశాయి. ఇవి తిండి మారుస్తుంటాయి, ఓసారి తీపి, ఓసారి నూనె, మాంసం. ఒక కాగితం మీద బెల్లం, మరో దాని మీద ఎండుచేప ముక్క పెట్టి చూస్తే, చేప మీదే మూగాయి. అప్పుడు వేరుశనగ ముద్దలో చిటికెడు పొడి కలిపి పెట్టాను. మొత్తం ఐదు వారాలు పట్టింది.

కాబట్టి నా ఓటు ఎరకే. రేపు పొద్దున ఇంట్లో పేరంటం ఉండి, ఈ ఒక్క పూటకు గట్టు శుభ్రంగా కనబడితే చాలనుకుంటే సబ్బు నీళ్ళతో తుడవండి, అదీ స్ప్రేకంటే మేలే. ఇంట్లో కట్టు కట్టిన పుండుతో మంచం పట్టినవాళ్ళుంటే మాత్రం ఎర పెట్టడం వాయిదా వేయొద్దు. ఇవి పుళ్ళ తడికీ చేరతాయి, ఆసుపత్రుల్లో రోగక్రిములను మోసుకు తిరుగుతాయని ఎప్పుడో తేలింది.

ఒక్క వాటాలో ఎర పెట్టి, పక్క వాటాలో స్ప్రే కొడితే చేసిందంతా దండగ. తమ్ముడి బిల్డింగ్‌లో అన్ని ఫ్లాట్లకూ ఒకేసారి పెట్టాకే తగ్గాయి. ఇక్కడ పై వాటా పిన్నిగారిని ఒప్పించడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆవిడ స్ప్రే డబ్బా ఇప్పుడు మా అటక మీద ఉంది.