తొందరపెట్టని స్వారీ పాఠాలు: కొన్నేళ్ల తర్వాత నా సమీక్ష

స్వారీ మీద మోజు పుట్టగానే ముందు గుర్రం కొనేసి తర్వాత నేర్చుకునేవాళ్లు చాలామంది. నేను చేరిన చోట దానికి ఒప్పుకోలేదు. "ముందు మీకు కూర్చోవడం రానివ్వండి, ఏ గుర్రం కావాలో అప్పుడు చూద్దాం" అన్నారు మా మేడమ్. కొన్నేళ్లు నేర్చుకున్నాక అక్కడి గుర్రాల్లోనే ఒకదాన్ని నా సొంతం చేసుకున్నాను. ఇప్పటికీ ఆవిడ దగ్గరే పాఠాలు. డబ్బుకూ ఓపికకూ గిట్టుబాటు అయిందా అంటే, అయింది. కానీ అందరికీ సరిపడే పద్ధతి కాదిది.

మొదట్లో చాలాకాలం పగ్గాలే చేతికివ్వలేదు. మేడమ్ మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే, రికాబులు తీసేసి చేతులు చాపి కూర్చోవడమే పాఠం. వేరేచోట చేరిన స్నేహితులు అప్పటికే దౌడు తీస్తున్న వీడియోలు పంపుతుంటే ఒళ్లు మండేది. అయితే ఇందులో గుర్రం మేలు ఉంది. పడిపోతామనిపించగానే మన చేతులు ఏదో ఒకటి గట్టిగా పట్టుకుంటాయి. అవి పగ్గాలైతే ఆ లాగుడంతా గుర్రం నోట్లోని ఇనుప కడ్డీ మీద పడుతుంది. ఆ కడ్డీ ఉండేది నాలుక మీద, దవడలో పళ్లు లేని ఖాళీ చిగురు మీద. నొప్పికి గుర్రం తల ఎగరేస్తుంది, భయంతో మనం ఇంకా బిగిస్తాం. నడుము కుదిరాక పగ్గాలు పట్టినవాళ్లకు ఈ గొడవ బాగా తక్కువ.

తర్వాత అడుగుల లెక్క. మామూలు నడకలో నాలుగు కాళ్లూ విడివిడిగా పడతాయి. నడకకూ దౌడుకూ మధ్య వేగమైన ట్రాట్‌లో ముందు కాలు, దానికి ఎదురు మూలనున్న వెనక కాలు జతగా కదులుతాయి కాబట్టి రెండే దెబ్బలు: ఒకదానికి లేవాలి, ఒకదానికి కూర్చోవాలి. క్యాంటర్‌కు, అంటే నెమ్మది దౌడుకు, మూడు. "ఇప్పుడు నేల తాకిన వెనక కాలు ఏది?" అని మేడమ్ అడిగితే కిందికి చూడకుండా చెప్పాలి. నా మట్టుకు ఈ పాఠాలన్నిటిలో బాగా పనికొచ్చింది ఇదే. గుర్రం కుంటడం మొదలయ్యేముందే అడుగులో తేడా నాకు తెలిసిపోయిన సందర్భాలున్నాయి.

గుర్రాన్ని వెతుక్కోవడం కూడా పాఠాల్లో భాగమే. ఒకే గుర్రానికి అలవాటు పడనివ్వకుండా మారుస్తూ ఎక్కించేవారు. నా కన్ను మెరిసే జూలున్న ఒక కుర్ర మగగుర్రం మీద ఉండేది. మేడమ్ అటు పోనివ్వలేదు. రౌతూ కొత్త, గుర్రమూ కొత్త అయితే ఇద్దరికీ టెన్షనే అన్నారు. చివరికి కుదిరింది నడివయసు దాటిన ఒక ఆడగుర్రం. ఎత్తు 15 హ్యాండ్స్, అంటే నేల నుంచి మెడ మొదలు దాకా 60 అంగుళాలు. చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. మన కాలు దానికి సరిగ్గా తాకిస్తేనే కదులుతుంది, తప్పుగా తాకిస్తే నిలబడి చెవులు వెనక్కి తిప్పి వింటుంది. తప్పు ఎక్కడో అప్పటికప్పుడు చెప్పే గుర్రం దొరకడం అదృష్టం.

దానికో పేచీ. పొట్ట కింద జీను పట్టీ బిగించబోతే ఊపిరి బిగబట్టి కరవబోయేది. కొందరు కసిరేవారు. మేడమ్ నాతో ఒక్క రంధ్రం బిగించి, నాలుగడుగులు నడిపించి, మళ్లీ ఒక్కటి బిగించమన్నారు. పక్కన కనిపిస్తూ భుజం వైపు నుంచే వెళ్లమన్నారు, ఎందుకంటే గుర్రానికి దాదాపు చుట్టూరా కనిపించినా సరిగ్గా నుదుటి ముందు, తోక వెనక కనిపించదు. జూలు ముగిసే చోట గోకమన్నారు. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేది అక్కడే. నెలలు పట్టింది గానీ ఇప్పుడు పట్టీ బిగిస్తే తల కూడా తిప్పదు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. మేడమ్ ఓపిక మెత్తదనం కాదు. ఆగమన్నప్పుడు ఆగకపోతే మళ్లీ అడగాల్సిందే. ఆగిన క్షణంలోనే పగ్గం వదలాలి, ఆలస్యమైతే దేనికి వదిలామో గుర్రానికి అర్థం కాదు.

కొనేముందు కూడా తొందరపడనివ్వలేదు. ఒంటరిగా, గుంపులో, గాలి గట్టిగా వీచే రోజున, కొన్నాళ్లు విశ్రాంతిచ్చిన తర్వాత, ఇలా అన్నిరకాలుగా ఎక్కి చూడమన్నారు. బయటి పశువైద్యుడితో చూపించమన్నారు. ఆయన గుర్రం కాలు కాసేపు మడిచి పట్టుకుని, వదలగానే పరుగెత్తించి కీళ్లు చూశారు. మనిషి, జీను కలిపిన బరువు గుర్రం బరువులో ఐదో వంతు మించకుండా చూసుకోమన్నారు.

ఇక లోపాలు. మేడమ్ రాని రోజున వచ్చే మరో శిక్షకుడికి అరవడమే పాఠం. ఆ రోజుల్లో నేను క్లాసు మానేసి గుర్రాన్ని తోమి వచ్చేవాణ్ని. కండ పెరిగినా తగ్గినా జీను అమరిక మారుతుందని బడిలో ఎవరూ చెప్పలేదు, జీను ఒత్తిడికి వీపు మీద తెల్ల వెంట్రుకలు మొలిచాక వైద్యుడు చెప్పారు. దూకించడం చాలా ఆలస్యంగా మొదలవుతుంది, పోటీలకు వెళ్లాలనుకునేవాళ్లకు విసుగొస్తుంది.

ఇలాంటి చోట చేరాలనుకుంటే ముందు ఒక క్లాసు పక్కన నిలబడి చూడనివ్వమనండి. గుర్రం అలసిందని శిక్షకులు పాఠం మధ్యలో ఆపుతారేమో, ఆపితే డబ్బులు కట్టినవాళ్లు గొడవ చేస్తారేమో గమనించండి. చూడనివ్వకపోతే వేరేచోటు వెతుక్కోండి.