మిట్టమధ్యాహ్నం ఆగే సోలార్: 3 కిలోవాట్ల సిస్టమ్ వాడాక

ఇంటి మేడ మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పథకం పీఎం సూర్య ఘర్ కింద 3 కిలోవాట్లకు ₹78,000 సబ్సిడీ అన్నది అందరికీ తెలిసిందే. కాగితాల పనీ తేలికే. దరఖాస్తుకు ముందు కరెంటు బిల్లు మీద పేరు చూసుకోండి. అది ఇంకా తాతగారి పేరునే ఉంటే ముందు పేరు మార్పించాలి. ప్యానెళ్లు డీసీఆర్‌వి, అంటే సెల్స్‌తో సహా మన దేశంలో తయారైనవి కాకపోతే సబ్సిడీ రాదు.

నా కోపమంతా ఏసీ కేబుల్ మీదే, అంటే ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా వచ్చే వైరు మీద. ఎండ నడినెత్తికి రాగానే ఇన్వర్టర్ ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ (లైను వోల్టేజీ ఎక్కువైంది) అని చూపించి ఆగిపోయేది. బిగించినవాళ్లు లైనులో లోపమనేశారు. అది సగం నిజమే.

కరెంటు ఇంట్లోంచి స్తంభం వైపు పోవాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ లైను కంటే ఎక్కువుండాలి. వైరు ఎంత సన్నమైతే ఆ తేడా అంత పెరుగుతుంది. 3 కిలోవాట్లంటే సుమారు 13 ఆంపియర్లు. మేడ మీంచి మీటరు దాకా 30 మీటర్లు 2.5 ఎంఎం రాగి వైరు లాగితే ఫేజు, న్యూట్రల్ కలిపి దాదాపు 6 వోల్టులు పెరుగుతాయి. 6 ఎంఎం అయితే రెండున్నర లోపే. 230కి పది శాతం పైన, అంటే 253 దాటితే ఇన్వర్టర్ లైను నుంచి విడిపోవాలన్నది నిబంధన. లైనులోనే 248 ఉన్నచోట సన్నవైరు ఒక్కటే ఆ గీత దాటిస్తుంది.

ఎండ బాగా ఉన్నప్పుడు ఇన్వర్టర్ దగ్గర, మీటరు పక్క ఎంసీబీ (ఆటోమేటిక్ స్విచ్) దగ్గర ఎలక్ట్రీషియన్‌తో వోల్టేజీ కొలిపించండి. తేడా 3 దాటితే సన్నవైరో, వదులు స్క్రూనో కారణం. తేడా తక్కువై మీటరు దగ్గరే 250 ఉంటే స్తంభం మీది న్యూట్రల్ జాయింటు చూడమని లైన్‌మన్‌ని అడగాలి. సింగిల్ ఫేజ్ సర్వీసైతే వోల్టేజీ తక్కువున్న ఫేజుకు మార్పించుకోవచ్చు. సెట్టింగుల్లో లిమిట్ పెంచేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, ఇంట్లో ఫ్రిజ్, టీవీ తట్టుకోవాల్సింది కూడా ఆ వోల్టేజీనే.

6 ఎంఎం వేయించాక ఆగడం బాగా తగ్గింది. చుట్టుపక్కల వాడకం తక్కువున్న సెలవురోజుల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు ఆగుతుంది. కాగితాల పని తేలికన్నాను గానీ, 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన లేకుండానే అనుమతి వస్తుంది, కాబట్టి మన లైను వోల్టేజీ ఎంతో ముందుగా ఎవరూ చూడరు. కొటేషన్లోనే కేబుల్ సైజు, పొడవు రాయించుకోండి.

ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరగా ఉండి, పగటి వాడకం ఉన్న ఇంటికైతే ధైర్యంగా పెట్టించుకోమంటాను. మాలా లైను చివర ఉన్నవాళ్లు ముందు మధ్యాహ్నం వోల్టేజీ కొలిపించుకోండి. పగలు కోతలు ఎక్కువుంటే ఇది సరిపోదు, లైను పోగానే బ్యాటరీ లేకుండా లైనుకే కలిపి నడిపే ఈ ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరూ ఆగుతుంది. బ్యాటరీ కావాలంటే ఆ ఖర్చు వేరే.