వరవిక్రయం (1939): హాల్లో వేసేవాళ్ల కోసం

గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీని వదిలి ఒడిశాలో కలిసిన మూడేళ్లకు వచ్చిన తెలుగు సినిమా ఇది. కాళ్లకూరి నారాయణరావు నాటకాన్ని చిత్తజల్లు పుల్లయ్య కలకత్తాలో తెరకెక్కించారు. పండగలకి పాత సినిమా వేసే బరంపురం, పర్లాకిమిడి తెలుగు సంఘాలు ఈసారి దీన్ని వేస్తే బాగుంటుంది. ముఖ్యంగా పెళ్లీడు పిల్లలున్న ఇళ్లవాళ్లు చూడాలి.

తన కట్నం కోసం తండ్రి చితికిపోవడం చూడలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల అదే వరుణ్ణి కట్టుకుని కాపురానికి వెళ్లదు. డబ్బిచ్చి కొన్నాం గనక అతనే మా ఇంటికి రావాలని కోర్టులో నిలదీస్తుంది. ఈ వాదనలోనే ఉంది సినిమా బలమంతా. కాళిందిగా భానుమతికి ఇది తొలి చిత్రం, అప్పటికి పద్నాలుగేళ్లకు అటూఇటూ. ‘పలుకవేమి నా దైవమా’ కీర్తన ఆ పిల్ల గొంతులో వింటుంటే మనసు బరువెక్కుతుంది. వరుడి తండ్రి లింగరాజుగా బలిజేపల్లి లక్ష్మీకాంతం చూపిన పిసినారితనం ప్రతి మాటలోనూ పలుకుతుంది.

లోపమల్లా నాటకపు వాసనే. పాత్రలు వరసగా నిలబడి మాట్లాడతాయి, కెమెరా పెద్దగా కదలదు. నటులే పాడుకోవాలి, మైకుకి దూరం పోకూడదు, అందుకే ఆ బిగువు.

ఇక ప్రదర్శన సంగతి. ప్రొజెక్టర్‌లో బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని 4:3లో పెట్టండి. 16:9కి సాగదీస్తే మొహాలు ఉన్నదానికంటే మూడో వంతు ఎక్కువ వెడల్పవుతాయి. ఆ కాలపు సౌండ్ ట్రాక్‌లో పై స్థాయి ధ్వనులు చాలా తక్కువ, అక్కడ వినిపించేది ఎక్కువగా బుసే. కాబట్టి ట్రెబుల్ తగ్గించండి, బాస్ కూడా పెంచొద్దు, మాట మసకబారుతుంది. కొన్ని పాత వీడియో కాపీలు సెకనుకి 24 ఫ్రేముల ఫిల్ముని 25తో నడిపిస్తాయి. అప్పుడు మూడు నిమిషాల పాట ఏడు సెకన్లు తగ్గుతుంది, శ్రుతి కూడా పెరుగుతుంది. గొంతు సన్నబడినట్టు అనిపిస్తే ప్లేయర్‌లో వేగాన్ని 0.96కి దించండి, శ్రుతిని సరిచేసే ఆప్షన్ మాత్రం ఆపేయండి. అది ఉంటే వేగం తగ్గినా శ్రుతి దిగదు.

ఒడియా మీడియంలో చదివే మన పిల్లలకి పద్యాలు ఒక్కసారికి అందవు. మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు ఇంటి తెలుగులో కథ చెప్పండి. కాళింది మరణం దగ్గర విరామం ఇవ్వండి. నిడివి తగ్గించాలని పద్యాలు మాత్రం కోయొద్దు. లింగరాజు దురాశ సగం వాటిలోనే బయటపడుతుంది.