నాలుగు మైకులు, ఒక పురికొస: మొగల్రాజపురంలో డ్రమ్స్ రికార్డింగ్

మా బృందం పాటలు రెండింటికి డ్రమ్స్ రికార్డ్ చేయించడానికి గత వేసవిలో గుంటూరు నుంచి నా డ్రమ్స్ కిట్టును ట్రాలీ ఆటోలో వేసుకుని విజయవాడ మొగల్రాజపురంలోని ఒక చిన్న స్టూడియోకు వెళ్ళాను. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదు కూడా ఉన్నందున పేరు రాయడం లేదు.

అక్కడ ఒకేసారి నాలుగు మైకులకు మించి పెట్టే వీలు లేదు. అంతకుముందు వాయించిన చోట్ల కిట్టు చుట్టూ ఎనిమిది, పది మైకులు చూసి ఉన్నందువల్ల నాకు మొదట అనుమానమే కలిగింది. అయితే రికార్డ్ చేసిన ఇంజనీరు పనితీరు చూశాక ఆ అనుమానం నిలవలేదు. ఆయన ఎంచుకున్నది 1960ల చివర్లో బ్రిటిష్ ఇంజనీరు గ్లిన్ జాన్స్ వాడగా ఆయన పేరుతోనే స్థిరపడిన పద్ధతి. ఒక కండెన్సర్ మైకును (సున్నితమైన రకం), కిట్టు మధ్యలో పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ము అయిన స్నేర్‌కు నేరుగా పైన, రెండోదాన్ని నేల మీద కాళ్ళపై నిలిచే పెద్ద డ్రమ్ము ఫ్లోర్ టామ్ అంచుకు కాస్త ఎత్తులో, హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) వైపు చూసేలా పెట్టారు. ఆ తర్వాత జేబులోంచి పురికొస తీసి, ఒక కొసను స్నేర్ నడిమధ్య నన్ను వేలితో నొక్కి పట్టుకోమని, రెండో కొసను పై మైకు దాకా లాగి అక్కడ ముడి వేసి, అదే ముడి పక్క మైకుకు తగిలే వరకు స్టాండును జరుపుతూ పోయారు. రెండు దూరాల మధ్య 17 సెంటీమీటర్ల తేడా ఉన్నా శబ్దం ఒక మైకుకు అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది; రెంటినీ కలిపినప్పుడు 1,000 హెర్ట్జ్ దగ్గర స్నేర్ ధ్వని కోసుకుపోతుంది.

మిగిలిన రెండింటిలో ఒకటి కాలితో మోగించే పెద్ద డ్రమ్ము కిక్ ముందు తోలుకు ఉన్న రంధ్రంలోకి, మరొకటి, షూర్ ఎస్ఎం57 అనే మైకు, స్నేర్ అంచుకు వెళ్ళాయి. కిక్ మైకుకు పోలారిటీ బటన్ (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి, తీసి, రెండూ నాకు వినిపించారు. నొక్కినప్పుడే మంద్ర ధ్వని నిండుగా వచ్చింది. స్లాబు ఎత్తు తక్కువ కావడంతో శబ్దం తట్టి తిరిగి రాకుండా పైన బొంతలు కట్టారు. ఒక్కోసారి వాయించి రికార్డ్ చేసే టేకుల మధ్యలో తప్ప ఏసీ వేయలేదు, బెజవాడ ఎండల్లో అది చిన్న శిక్ష కాదు. హైహ్యాట్‌ను తగ్గించి కొట్టమని ఆయన రెండుసార్లు చెప్పారు. ఇంత తక్కువ మైకులతో దాన్ని తర్వాత విడిగా తగ్గించడం కుదరదు కనుక ఆ మాట సరైనదే.

చిక్కంతా విడివిడి ట్రాకులను కలిపి కూర్చే మిక్సింగ్‌లో వచ్చింది. రికార్డ్ చేసినవారు ఒకరు, మిక్స్ చేసినవారు మరొకరు. ఈ రెండోవారు పై మైకులు రెండూ సింబల్స్ (తాళాల వంటి ఇత్తడి పళ్ళేలు) కోసమే అనుకుని వాటిలో 300 హెర్ట్జ్‌కు దిగువనున్నదంతా కత్తిరించారు. టామ్‌లకు విడిగా మైకులు లేవు, వాటి బరువంతా ఆ రెండు ట్రాకుల్లోనే ఉంది. ఫలితంగా ఫ్లోర్ టామ్ అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపించింది. నా స్నేర్ మీద ఎక్కడో ముందే రికార్డ్ చేసిన దెబ్బ (సాంపిల్) కూడా అతికించారు. ఆ కత్తిరింపును, సాంపిల్‌ను తీసేసి, ముందు పై మైకులతోనే కిట్టును నిలబెట్టి, కిక్, స్నేర్‌లను వాటి కిందికి కొద్దికొద్దిగా చేర్చమని అడిగాను. పది రోజుల తర్వాత వచ్చిన రెండో మిక్స్‌లో నేను ఆ గదిలో విన్న కిట్టే ఉంది.

ఆ దిద్దుబాటుకు మాత్రం అదనంగా డబ్బు తీసుకున్నారు. ఈసారి వెళ్తే రికార్డింగ్ ఆ మొదటి ఇంజనీరు చేతనే చేయించి, మిక్స్ దగ్గర కూడా ఆయనే కూర్చోవాలని ముందే ఒప్పుకోలు రాయించుకుంటాను. ఆ డబ్బు సంగతి ఇంకా తేలలేదు.