గేటు దగ్గర జనం: కంప్యూటర్ లెక్కా, కెమెరా కొలతా?

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఇలాంటి చోట ప్రమాదాన్ని ముందే పసిగట్టడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, గుంపును కంప్యూటర్‌లో నడిపించడం. శాస్త్రవేత్తలు డిర్క్ హెల్బింగ్, పీటర్ మోల్నార్ 1995లో ఇచ్చిన నమూనాలో ఒక్కో మనిషిని గమ్యం లాగుతుంది, గోడలూ పక్కవాళ్లూ నెడతారు. గేటు కట్టకముందే వెడల్పు చాలుతుందో లేదో చూసుకోవచ్చు.

రెండోది, నిజమైన గుంపును ఎత్తు నుంచి వీడియో తీసి కొలవడం. స్పెయిన్‌లోని పాంప్లోనా పండగ జనాన్ని ఇలాగే తీశారు. కిక్కిరిసినప్పుడు వందలమంది, ఎవరూ అనుకోకుండానే, సుమారు 18 సెకన్లకోసారి గుండ్రంగా ఊగుతారని 2025లో తేలింది. ఆ ఊపు మొదలైందంటే ఇక కొత్తవాళ్లను లోపలికి వదలకూడదు. ఈ కబురు ఏ నమూనా అయినా ఆ నిమిషంలో చెప్పగలదా?

సాయంత్రం బెంగళూరు మెజెస్టిక్ మెట్రో స్టేషన్‌లో లైన్ మారేచోట చూడండి. ఎస్కలేటర్ దిగిన కుర్రాడు అక్కడే ఆగి ఫోన్ తీస్తాడు, వెనక సూట్‌కేసులతో సహా అందరూ బిగుసుకుపోతారు. కంప్యూటర్ మనుషులకు ఈ బుద్ధి నేర్పడం కష్టం!

కొత్త గేటు గీయడానికి కంప్యూటర్ సరే. మ్యాచ్ రోజున మాత్రం నా ఓటు కెమెరాకే, దాని ముందు కూర్చున్నవాడికి గేటు ఆపించే అధికారం ఉంటేనే సుమా.