ఆటలో చాట్‌ను కలిపే రెడీమేడ్ మాడ్యూల్ కొంటున్నారా? అది ఏ దారిన లోపలికి వెళ్తుందో ముందు అడగండి

మల్టీప్లేయర్ ఆటలు తయారుచేసే చిన్న బృందాలవారు, ముఖ్యంగా చాట్ వ్యవస్థను సొంతంగా కట్టుకునే వ్యవధి లేక రెడీమేడ్ మాడ్యూల్ (ఆటలో అమర్చుకునే సిద్ధమైన కోడ్ భాగం) కోసం వెతుకుతున్నవారు, చెల్లింపు చేసేముందు ఇది చదవాలని కోరుతున్నాను. అమ్మకందారు పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో పనిచేసే సరుకు వేరే పేర్లతోనూ దొరుకుతోంది కాబట్టి, గుర్తుపట్టవలసింది పేరును కాదు, పద్ధతిని.

మాది నలుగురి బృందం. ఆటగాళ్లు జట్లుగా చేరి కోటలను ముట్టడించే ఆటను తయారుచేస్తున్నాము. జట్లకు అప్పటికే మెసేజింగ్ యాప్‌లలో సొంత గ్రూపులు ఉన్నందున, ఆ సంభాషణ ఆటలోనే కనిపించాలని, ఆట మూసేసిన సభ్యుడికి ముట్టడి మొదలైన కబురు ఫోన్‌కు చేరాలని అనుకున్నాము. ప్రముఖ సేవలన్నిటినీ ఒక్క మాడ్యూల్‌తో కలపవచ్చని చెప్పిన ప్రకటన చూసి, ఒక కంప్యూటరు, రెండు ఫోన్లతో చేసి చూపిన ప్రదర్శనను నమ్మి కొన్నాము. ఇద్దరి మధ్య ఏ చాట్ అయినా చక్కగానే నడుస్తుందన్న సంగతి మాకు అప్పుడు తట్టలేదు. ఆ ప్రకటనలోని సేవల జాబితాలో 2018 జూలై 17ననే మూతపడిన యాహూ మెసెంజర్ పేరు కూడా ఉంది. కనీసం అది చూసినప్పుడైనా మేము ఆగవలసింది.

మొదట సందేశాలు మాయమవడం మొదలైంది. ముట్టడి జోరుగా సాగుతున్నప్పుడు నాయకుడు వెనక్కి రమ్మని రాసిన మాట సగం మందికి అందేది కాదు, అయినా మాడ్యూల్ మాత్రం పంపించినట్లే చూపేది. లోపం మా సర్వర్‌లోనే ఉందనుకుని రెండు వారాలు దాన్నే తవ్వుకుంటూ కూర్చున్నాము. అసలు కారణం వేరు. టెలిగ్రామ్ బాట్ (తనంతట తానే సందేశాలు పంపే ప్రోగ్రామ్) ఒకే గ్రూపులోకి నిమిషానికి 20 సందేశాలకు మించి పంపరాదని ఆ సేవ తన పత్రాల్లోనే బాహాటంగా రాసింది. పరిమితి దాటితే 429 అనే దోషసంఖ్య వెనక్కి వస్తుంది, కొంతసేపు ఆగి మళ్లీ పంపాలి. ముప్పై మంది ఉన్న జట్టు పోరాట సమయంలో ఆ ఇరవైని పది పన్నెండు సెకన్లలోనే దాటేస్తుంది. మేము కొన్న మాడ్యూల్ ఆ దోషసంఖ్యను అందుకుని, ఎవరికీ చెప్పకుండా మింగేసి, సందేశాన్ని పారవేసేది.

చాట్ ఆటకు పైపై అలంకారమే కదా, నాలుగు మాటలు పోతే ఏమవుతుందని అమ్మకందారు ప్రతినిధి మాతో అన్నారు. 2018 మార్చిలో ఈవ్ ఆన్‌లైన్ ఆట తన చాట్‌ను కొత్త సర్వర్ వ్యవస్థకు మార్చినప్పుడు జరిగింది గుర్తున్నవారు ఆ మాట అనరు. ఆ ఆటలో ఒక నక్షత్ర మండలంలో ఎవరెవరు ఉన్నారో అక్కడి చాట్ జాబితాయే చూపుతుంది, శత్రువు రాకను ఆటగాళ్లు పసిగట్టేది అందులోనే. మార్పు తరువాత ఆ జాబితా సరిగా పనిచేయక ఆటే తారుమారైంది.

ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో తెలిపే సూచనలతోనూ ఇబ్బందే. ఎనిమిది వందల మందికి తలా యాభై మంది మిత్రులుంటే, సర్వర్‌ను ఒక్కసారి ఆపి మొదలుపెట్టగానే నలభై వేల సూచనలు ఒకేసారి బయలుదేరుతాయి. వాటిని మూటగట్టి విడతలుగా పంపే ఏర్పాటు ఈ మాడ్యూల్‌లో లేదు.

ఇవన్నీ సర్దుకోగల లోపాలే. ఈ హెచ్చరిక రాయడానికి కారణం మరొకటి.

బయటి ఆటలకు అధికారికంగా దారి ఇవ్వని సేవల విషయంలో, ఈ మాడ్యూల్ ఆటగాడికి ఒక క్యూఆర్ కోడ్ చూపి, ఖాతాను జతచేసుకోవడానికి ఫోన్‌తో స్కాన్ చేయమంటుంది. ఆటగాడు తన గ్రూపును ఆటతో కలుపుతున్నానని అనుకుంటాడు, మేమూ అలాగే అనుకున్నాము. వాస్తవంలో అమ్మకందారు సర్వర్ ఆ ఖాతాకు మరో లింక్డ్ డివైస్‌గా (అదే ఖాతాను తెరవగల అదనపు పరికరంగా) నమోదవుతుంది. అంటే ఆటతో సంబంధం లేని ఇంటి మాటలు, ఆఫీసు మాటలు అన్నీ ఆ సర్వర్‌కు చేరుతుంటాయి. సందేశాలు ఎంత గుప్తీకరించి ఉన్నా, లింక్ అయిన పరికరం వాటిని చదవగలదు. సక్రమమైన పద్ధతి ఇది కాదు. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓఆథ్ 2.0 అనే అనుమతి పద్ధతిలో, మెసేజింగ్ సేవ తన సొంత పేజీలోనే ఆట ఏయే అనుమతులు అడుగుతోందో ఆటగాడికి చూపిస్తుంది; పాస్‌వర్డ్ ఆట చేతికి రాదు, ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

దొడ్డిదారిన వెళ్లినందుకు ఫలితం త్వరగానే వచ్చింది. అనధికారిక యాప్‌లు వాడితే ఖాతా నిలిపివేయవచ్చని వాట్సాప్ వంటి సేవలు ముందే చెబుతున్నాయి. మా పరీక్షలో పాల్గొన్నవారిలో పదకొండు మంది ఖాతాలు మూడు రోజుల్లో నిలిచిపోయాయి. మమ్మల్ని నమ్మి స్కాన్ చేసినవారికి క్షమాపణ తప్ప ఇవ్వగలిగింది ఏమీ లేకపోయింది. అమ్మకందారును అడిగితే, ఇతర సేవల నిబంధనలను పాటించే బాధ్యత కొనుగోలుదారుదేనని ఒప్పందం చివర చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని చూపించారు. కోడ్ ఒకసారి డౌన్‌లోడ్ అయింది కాబట్టి డబ్బు తిరిగి రాదన్నారు.

కాబట్టి కొనేముందు, ప్రతి సేవకూ విడివిడిగా, ఇది ఏ అధికారిక ఏపీఐ (బయటి ప్రోగ్రాముల కోసం ఆ సేవ తెరిచి ఉంచిన దారి) ద్వారా పనిచేస్తుందో రాతపూర్వకంగా అడగండి. సమాధానంలో సొంత సాంకేతికత, ప్రత్యేక పరిష్కారం వంటి మాటలు తప్ప ఏపీఐ పేరు లేకపోతే అక్కడితో ఆగిపోండి. సందేశాలు ఎవరి సర్వర్ మీదుగా వెళ్తాయో, ఎన్నాళ్లు నిలువ ఉంటాయో కూడా అడగండి. ప్రదర్శన చూపిస్తామంటే, ఒకే గ్రూపులో నిమిషానికి వంద సందేశాలు పంపి, వాటిలో ఎన్ని చేరాయో లెక్క చూపమనండి.

మేము ఆ మాడ్యూల్‌ను పూర్తిగా తీసేశాము. స్కాన్ చేసిన ప్రతి ఆటగాడికీ, తన యాప్‌లో లింక్డ్ డివైసెస్ జాబితా తెరిచి, తెలియని పరికరాలన్నిటినీ లాగౌట్ చేయమని రాశాము. మీ ఆటలో ఇలాంటిది ఇప్పటికే వాడుతుంటే ఈ పని ఈ రోజే చేయించండి, ఎందుకంటే మాడ్యూల్‌ను ఆటలోంచి తీసేసినంత మాత్రాన ఆ లింకు తెగిపోదు. ఆటలోని సంభాషణ ఇప్పుడు మా సొంత సర్వర్‌లోనే జరుగుతోంది, బయటి యాప్‌కు ముట్టడి మొదలైందన్న ఒక్క కబురు మాత్రమే అధికారిక బాట్ ద్వారా వెళ్తోంది.

అదే మాడ్యూల్ గత నెల కొత్త పేరుతో, కొత్త చిహ్నంతో మళ్లీ అమ్మకానికి వచ్చింది. వివరణ పత్రంలో లాగిన్ పేజీ బొమ్మను మాత్రం మార్చలేదు: ఎడమవైపు సేవల జాబితా, కుడివైపు పెద్ద క్యూఆర్ కోడ్, దాని కింద ఒక్క స్కాన్‌తో అనుసంధానం అనే వాక్యం ఉంటాయి.